అద్దె అద్దే, ఆటో ఆటోనే

హైదరాబాదులో గది తీసుకునేది పడుకోవడానికి అనుకునేవాళ్ళు ఈ వ్యాసం ఇక్కడితో ఆపేయవచ్చు. పడుకోవడం బస్సులో కూడా కుదురుతుంది. గది తీసుకునేది ఊరికి తిరిగి వెళ్ళాక పదిమందిలో కూర్చుని, "ఎంతకి దొరికిందో చెప్పుకో చూద్దాం" అనడానికి. ఎదుటివాడు పదిహేను వందలంటాడు. మీరు చిన్నగా నవ్వి "అయిదొందల యాభై" అంటారు. ఆ మాట అనడం కోసమే ప్రయాణమంతా. ఆసుపత్రి, ఇంటర్వ్యూ, వీసా, పెళ్ళిచూపులు, ఇవన్నీ దానికి వంకలు.

ఈ లక్ష్యం మనసులో స్థిరపడ్డాక లెక్కల విషయంలో కొంత క్రమశిక్షణ అవసరం. గది అద్దె ఒక ఖాతా. ఆటోలు ఇంకో ఖాతా. టిఫిన్లు, నీళ్ళ సీసాలు, క్లోక్‌రూముకి కట్టింది, నిద్ర చాలక మర్నాడు మింగిన తలనొప్పి మాత్రలు, ఇవన్నీ దారి ఖర్చులు. ఖాతాలు కలపకూడదు. మీ పని గచ్చిబౌలిలో అనుకుందాం. గది కాచిగూడలో, 800. పోవడానికి ఆటో 400, రావడానికి 400. గచ్చిబౌలిలోనే 1400కి శుభ్రమైన గది ఉందని ఎవరో అంటారు. ఎనిమిది వందలు తక్కువా, పద్నాలుగు వందలు తక్కువా? ఒకటో తరగతి పిల్లాడైనా చెబుతాడు. "మొత్తం కలిపితే పదహారు వందలైంది కదా, పైగా ట్రాఫిక్‌లో మూడు గంటలు పోయాయి" అని ఇంట్లో ఎవరైనా అంటే, అద్దె అద్దే, ఆటో ఆటోనే అని గట్టిగా చెప్పి పక్కకు తిరిగి పడుకోండి.

ఎక్కడ దిగాలన్నది పెద్దలను అడగండి. హైదరాబాదు వెళ్ళొచ్చి ముప్ఫై ఏళ్ళయిన పెదనాన్న ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు. "అబిడ్స్‌లో దిగరా, అన్నిటికీ మధ్యలో ఉంటుంది" అంటారాయన. అందులో అబద్ధమేమీ లేదు. ఆయన వచ్చిన రోజుల్లో జనరల్ పోస్టాఫీసు, కోఠీ పుస్తకాల కొట్లు, నాంపల్లి స్టేషను, అసెంబ్లీ, సచివాలయం అన్నీ ఆ చుట్టుపట్లే. మాదాపూర్‌లో బండరాళ్ళు ఉండేవి. 1998లో సైబర్ టవర్స్ లేచాక ఊరు పడమటికి జరగడం మొదలుపెట్టి ఇంకా జరుగుతూనే ఉంది. ఈ సంగతి ఆయనకెవరూ కబురు పెట్టలేదు. మీరూ పెట్టకండి, పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు.

పెదనాన్న లేనివారికి యాప్ ఉంది. అందులో ప్రతి హోటల్ కిందా "సిటీ సెంటర్‌కి ఇన్ని కిలోమీటర్లు" అని రాసి ఉంటుంది. ఏ సెంటరు అని అడగకండి. పాతబస్తీ వాళ్ళకి అది చార్మినార్, కంటోన్మెంటు వాళ్ళకి సికింద్రాబాద్ క్లాక్‌టవర్, కోచింగ్ పిల్లలకి అమీర్‌పేట మైత్రీవనం, సాఫ్ట్‌వేర్ వాళ్ళకి హైటెక్ సిటీ. ఇన్ని కేంద్రాలున్న ఊళ్ళో మీ పనికి ఏది కేంద్రమో మీరే తేల్చుకోవాలంటే బుర్ర ఖర్చవుతుంది. దానికి ఖాతా ఏదో నాకూ తెలియదు.

"స్టేషన్‌కి దగ్గర" అన్న మాట కనిపిస్తే వెంటనే డబ్బు కట్టేయండి. ఏ స్టేషను అన్నది తర్వాతి సంగతి. సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ, లింగంపల్లి అని నాలుగు ఎప్పటి నుంచో ఉన్నాయి. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ కూడా తెరిచారు. కొన్ని రైళ్ళు ఇప్పుడు అక్కడి నుంచే బయల్దేరుతున్నాయి, అక్కడే ఆగిపోతున్నాయి. మీ టికెట్టు మీద చర్లపల్లి అని కనిపిస్తే అచ్చుతప్పుగా భావించి నాంపల్లిలో గది తీసుకోండి. రైలు దిగి చుట్టూ చూసినప్పుడు ఎలాగూ నిజం తెలుస్తుంది, ముందే తెలుసుకుని సాధించేదేముంది?

బస్సులో వచ్చేవారికీ ఇదే సూత్రం. కరీంనగర్ బస్సు జూబ్లీ బస్‌స్టేషన్‌కి వస్తుంది, కర్నూలు బస్సు ఇమ్లీబన్‌కి వస్తుంది. మీరు మాత్రం "బస్టాండ్ దగ్గర గది" అని ఫోన్‌లో చెప్పి ఊరుకోండి. విజయవాడ నుంచి వచ్చేవాళ్ళలో తెలివైనవాళ్ళమని అనుకునే కొందరు ఎల్బీనగర్‌లోనే దిగి మెట్రో ఎక్కేస్తుంటారు. ఎల్బీనగర్ నుంచి మియాపూర్ దాకా పోయే ఎర్ర లైను మీద ఇమ్లీబన్, నాంపల్లి, లకడీకాపూల్, ఖైరతాబాద్, పంజాగుట్ట, అమీర్‌పేట, కూకట్‌పల్లి అన్నీ ఒకే రైల్లో తగులుతాయి. హైటెక్ సిటీ, రాయదుర్గం కావాలంటే అమీర్‌పేటలో నీలం లైనుకి మారితే చాలు. అందుకే ఈ లైన్ల పక్కన, స్టేషను మెట్లకు నడిచేంత దూరంలో గది చూసుకుంటారు వాళ్ళు. పని ఊరికి ఏ మూలనున్నా వాళ్ళకి దిగులుండదు. సరే. కానీ ఇమ్లీబన్ దాకా టికెట్టు కొని ఎల్బీనగర్‌లో దిగితే మిగతా దూరం డబ్బు దండగ కాదూ? పైగా ఆటోవాడితో బేరమాడే అవకాశం పోతుంది. బేరమాడకుండా నగరం ఎలా అర్థమవుతుంది?

ఆటోవాడి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. తెల్లవారుజామున బస్టాండ్ గేటు దగ్గర "రూమ్ కావాలా సార్" అని ఎదురొచ్చే మనిషికి మీ మీద నిజమైన అభిమానం ఉంటుంది. మీరు చెప్పిన లాడ్జి మూసేశారని, లేదా అక్కడ పోలీసు రెయిడ్ జరిగిందని, తనకు తెలిసిన ఇంకో మంచి చోటుందని చెబుతాడు. ఆ మంచి చోటు కౌంటర్‌లో ఉన్నాయనకీ ఇతనికీ చూపులతో జరిగే సంభాషణను గమనించకండి. అది వాళ్ళ స్నేహం. దాని ఖరీదు మీ అద్దెలో కలిసే ఉంటుంది.

అమెరికా వీసా పని మీద వచ్చేవాళ్ళకి నా సిఫార్సు బేగంపేట. మీ బావగారికి 2015లో వీసా వచ్చింది అక్కడే, పైగా ప్యాలెస్‌లో. కాన్సులేట్ 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకి తరలిపోయిన మాట నిజమే. భవనం పోయింది గానీ సెంటిమెంటు బేగంపేటలోనే ఉంది. వేలిముద్రలిచ్చే కేంద్రం హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో, ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడలో. ఈ రెండిటికీ అందేలా గచ్చిబౌలి, కొండాపూర్ వైపు గది తీసుకునేవాళ్ళు రెండు రోజులూ నిద్రపోయి లేచి వెళుతుంటారు. నిద్రపోయిన ముఖంతో వెళితే ఆఫీసరుకి మీ మీద జాలి ఎలా కలుగుతుంది? ఇంకో సంగతి. లోపలికి ఫోన్లు, లాప్‌టాప్‌లు రానివ్వరు. గది దగ్గరలో ఉంటే అక్కడే పెట్టి పోవాలనిపిస్తుంది. అందుకే దూరంగా ఉండాలి. అన్నీ భుజాన వేసుకెళ్ళి గేటు దగ్గర వాటిని ఎవరి చేతిలో పెట్టాలో వెతుక్కోవడం ఇంటర్వ్యూకి మంచి తయారీ. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు ముందురోజు చేసుకోవచ్చు గానీ, ఇంటర్వ్యూ రోజు పొద్దున చేస్తేనే తాజాగా ఉంటాయి.

ఇప్పుడు అసలు విషయానికి, అంటే గది చేతికొచ్చే వేళకి వద్దాం. మన రైళ్ళూ బస్సులూ మనల్ని దింపేది తెల్లవారుజామున. సాయంత్రం విశాఖలోనో తిరుపతిలోనో ఎక్కిస్తాయి, చీకటి విడకముందే ఇక్కడ దులిపేస్తాయి. హోటళ్ళు గది ఇచ్చేది మధ్యాహ్నం పన్నెండుకి, కొన్నిచోట్ల ఒంటిగంటకి, రెండుకి. ఈ మధ్య మిగిలిన ఏడెనిమిది గంటలూ ఏం చెయ్యాలన్నది తెలుగు ప్రయాణికుడి శాశ్వత సమస్య. దీన్ని ముందుగా ఫోన్ చేసి పరిష్కరించుకోవడం పిరికితనం. "అయిదింటికి వస్తాం, గది ఇస్తారా, దానికి వేరే ఎంత తీసుకుంటారు" అని ముందురోజు అడిగితే చాలా హోటళ్ళవాళ్ళు ఏదో ఒకటి చెబుతారు. రాత్రి ఖాళీగా ఉన్న గదైతే ఒక్కోసారి ఊరికే కూడా ఇచ్చేస్తారు. అలా ముందే తేలిపోతే మజా ఏముంది? ఇద్దరు పిల్లలు, మోకాళ్ళ నొప్పుల అత్తగారు, నాలుగు సంచులతో అయిదింటికి కౌంటర్ ముందు నిలబడి అడగండి. అర్ధరోజు అద్దె అదనం అంటాడు. కొంచెం గొంతు పెంచి చూడండి. పూర్తిరోజు అంటాడు.

పాత లాడ్జీల్లో ఇంకో పద్ధతి బతికే ఉంది. కౌంటర్ వెనక గోడ మీద "చెక్‌ఔట్ 24 గంటలు" అని రాసి ఉంటుంది. పొద్దున అయిదున్నరకి రిజిస్టరులో సంతకం పెడితే మర్నాడు అయిదున్నర దాకా ఆ గది మీదే. తెల్లారేసరికి రైలు దిగి అదే రోజు రాత్రి రైల్లో పోయేవాడికి ఒక్కరోజు అద్దెతో పనైపోతుంది. నాంపల్లి, సికింద్రాబాద్ స్టేషన్ల ఎదురు సందుల్లో ఇలాంటివి కనిపిస్తాయి. లాబీలో అక్వేరియం ఉండదు, లిఫ్టు ఉంటే ఉంటుంది, మేనేజరు బనియన్‌తో కూర్చుని ఉంటాడు. అక్కడికి పోతే మన హోదా ఏం కాను? పన్నెండింటికి గది ఖాళీ చేయించే హోటల్లోనే దిగండి. ఇవాళ అయిదింటికి వచ్చినందుకు నిన్నటి అద్దె కట్టి, రాత్రి తొమ్మిదింటి రైలుకి పోవాల్సి ఉన్నా పన్నెండింటికే గది వదిలిపెట్టి, సంచులు రిసెప్షన్‌లో పడేసి సాయంత్రం దాకా మాల్‌లో తిరగండి.

రైల్వే రిటైరింగ్ రూముల సంగతి ఎవరైనా ఎత్తితే మాట మార్చండి. ఖాయమైన టికెట్టో ఆర్ఏసీనో ఉంటే ఆ పీఎన్ఆర్ నంబరుతో ఐఆర్‌సీటీసీలో ముందే గదో డార్మిటరీ మంచమో తీసుకోవచ్చు. పన్నెండు గంటల పాటే కావాలన్నా ఇస్తారు. కానీ పీఎన్ఆర్ అన్నది ఎస్ఎమ్ఎస్‌లో వచ్చి పడి ఉండటానికి గానీ ఇలా వాడుకోవడానికా?

రోగిని తీసుకొచ్చేవాళ్ళకి నేను ప్రత్యేకంగా సలహా ఇవ్వక్కర్లేదు. వాళ్ళకి సలహాలిచ్చేవాళ్ళు ఊరి నిండా ఉంటారు. అయినా రెండు మాటలు. నిమ్స్ ఓపీకి పొద్దున్నే చేరాలి గనుక గది ఉప్పల్ అవతల తీసుకోండి. పంజాగుట్ట, ఎర్రమంజిల్ మెట్రో స్టేషన్ల నుంచి నడిచిపోయేంత దూరంలో నిమ్స్ ఉందన్న సంగతి రోగికి చెప్పకండి, ఆశపడతాడు. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రీ, నీలోఫర్ పిల్లల ఆసుపత్రీ రెండూ రెడ్‌హిల్స్‌లోనే, లకడీకాపూల్‌కి కూతవేటు దూరం. ఆ చుట్టుపక్కల లాడ్జీలవాళ్ళకి వారాల తరబడి ఉండేవాళ్ళు కొత్త కాదు. వారం రేటు, నెల రేటు అడిగితే చెబుతారు, కొందరు గదిలో అన్నం వండుకోనిస్తారు. అడగడం పరువు తక్కువ కాబట్టి రోజువారీగా కట్టండి. కీమో చేయించుకున్న మనిషిని ఎక్కించాల్సిన గది మూడో అంతస్తులో, లిఫ్టు లేకుండా ఉంటే యాభై రూపాయలు తక్కువ. బాత్రూములో ఇండియన్ కమోడా వెస్టర్నా అన్నది మోకాలి ఆపరేషన్ అయిన మనిషిని లోపలికి పంపాక తెలుసుకుంటే చాలు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్ళ కోసం జీహెచ్ఎంసీ నైట్ షెల్టర్లు నడుస్తున్నాయి. ఆసుపత్రి హెల్ప్‌డెస్కులో నోరు తెరిచి అడిగితే దారి చూపిస్తారు. మీరు మాత్రం వరండాలో దుప్పటి పరుచుకుని, "ఎవరూ చెప్పలేదు" అని చెప్పుకోండి. నిజంగానే ఎవరూ చెప్పరు, ఆ మాట వరకు మీ తప్పు లేదు.

బుకింగ్ ఫోన్‌లో చేస్తారు కదా. "ఒకే గది మిగిలింది", "పదిహేడు మంది ఇదే చూస్తున్నారు" అని ఎర్రటి అక్షరాలు వెలిగాయంటే ఆ పదిహేడు మంది ఎవరని ఆలోచించకుండా డబ్బు పంపండి. ఇలా లేని తొందర పుట్టించడాన్నీ, మొదట ఒక ధర చూపి చివర్లో ఇంకొంత తగిలించడాన్నీ కేంద్ర వినియోగదారుల రక్షణ అధికార సంస్థ 2023 నవంబరులో డార్క్ ప్యాటర్న్‌ల కింద చేర్చి నిషేధించింది. నిషేధించినవి కనిపించకుండా పోయిన దేశమైతే ఇదంతా ఎందుకు? ఆ తర్వాత అదే హోటల్‌కి నేరుగా ఫోన్ చేసి, యాప్‌లో చూపిన రేటు చెప్పి, "మీ దగ్గర తీసుకుంటే ఎంత, పన్నుతో కలిపి ఎంత, వద్దనుకుంటే డబ్బు తిరిగి వస్తుందా" అని అడగడం మహాపాపం. ఆ ఫోన్ చేసినవాళ్ళు కొన్నిసార్లు వంద, రెండొందలు తగ్గించుకుంటారు. ఇంకొన్నిసార్లు ఆ హోటల్ ఆర్నెల్ల కిందటే మూతపడిందని తెలుసుకుంటారు.

నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతికి మొట్టమొదట కనిపించినదానికే చెయ్యండి. అవతలివాడు హోటల్ పేరు మీరు చెప్పేదాకా ఆగి, "అవునండీ, అదే" అంటాడు. తన సొంత పేరు మీద ఉన్న యూపీఐకి పూర్తి అద్దె పంపమంటాడు. పంపాక "రిజిస్ట్రేషన్ అవ్వలేదు, ఇంకోసారి పంపండి, మొదటిది తిరిగి వస్తుంది" అంటాడు. పంపండి. సైబర్ మోసాలకి 1930 అని నంబరుంది, డబ్బు పోయిన వెంటనే చేస్తే అవతలి ఖాతాలో సొమ్ము కదలకుండా ఆపే వీలుంటుంది. అందుకే మీరు రెండురోజులాగి, బంధువులందరినీ సంప్రదించి చెయ్యండి.

పన్ను గురించి కూడా తెలుసుకోవాలి. రోజుకి 7500 రూపాయల దాకా ఉన్న గదుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం బదులు 5 శాతం అయింది. వెయ్యి రూపాయల గదికి యాభై. ఎక్కడైనా ఇంకా నూటఇరవై వేస్తే నోరు మెదపకుండా కట్టండి, పాత రేట్ల మీద వాళ్ళకున్న గౌరవాన్ని మనమెందుకు చెడగొట్టాలి? బిల్లు అసలు అడగకండి. బిల్లు లేకపోతే పన్ను లేదంటారు, రేపు దిండు కింద మరిచిపోయిన గొలుసు గురించి అడిగితే అసలు మీరే లేరంటారు.

ఫొటోల్లో గదిని చూసే పద్ధతి ఒకటుంది. నాలుగు మూలలూ ఒకేసారి కనిపిస్తున్నాయంటే తీసినవాడు వీపు గోడకి ఆనించి వైడ్ యాంగిల్ లెన్సు పెట్టాడని అనుమానించకండి. కర్టెన్ ఉంటే దాని వెనక కిటికీ ఉందనే నమ్మండి. కర్టెన్ తీస్తే గోడే ఉండే గదులు ఈ ఊళ్ళో తక్కువేమీ కాదు. అద్దె తక్కువ ఎందుకని అడిగితే కదా ఆ సంగతి చెప్పేది. స్టాండర్డ్, డీలక్స్, సూపర్ డీలక్స్ అని గదులకి పేర్లుంటాయి. డీలక్స్ అన్నది ఆర్టీసీ బస్సులతో మనకి అలవాటైన మాటే. అక్కడైనా సీటు వెనక్కి వాలుతుంది. ఇక్కడ డీలక్స్ అంటే టీవీ ఉందని, సూపర్ డీలక్స్ అంటే ఆ టీవీకి రిమోట్ కూడా ఉందని. రివ్యూల్లో అయిదు చుక్కలవే చదవండి, పాతవైతే మరీ మంచిది. పోయిన నెలలో ఒక్క చుక్క ఇచ్చి నల్లుల గురించి రాసినాయనకి నల్లులతో ఏవో పాత కక్షలుండి ఉంటాయి. వేణ్ణీళ్ళు ఆరు నుంచి తొమ్మిది దాకానే అని బోర్డు పెట్టి ఉంటే తొమ్మిదింపావుకి లేవండి.

రోజు ఎంచుకోవడంలో పంచాంగం బాగా పనికొస్తుంది. నాంపల్లిలో చవకగా గది కావాలంటే జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 మధ్య రండి, ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్ నడుస్తూ ఉంటుంది, ఊరంతా ఆ గేటు ముందే ఉంటుంది. అది కుదరకపోతే జూన్‌లో మృగశిర కార్తె నాడు రండి, చేప ప్రసాదానికి దేశం నలుమూలల నుంచి జనం అదే ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి చేరతారు. పెళ్ళి ముహూర్తాలున్న రోజైతే ఇంకా శ్రేష్ఠం. పోటీపరీక్షకి వచ్చేవాళ్ళు హాల్ టికెట్ మీద సెంటరు చూడకముందే గది తీసుకోవాలి. నా దృష్టిలో అన్నిటికన్నా ఉత్తమమైన కలయిక వినాయక నిమజ్జనం నాడు లకడీకాపూల్‌లో గది, ఆ రాత్రే శంషాబాద్ నుంచి విమానం. ఖైరతాబాద్ గణపతి మీ కిటికీ కిందనుంచి పోతాడు, మీరు మాత్రం ఎటూ పోలేరు. మామూలు రోజుల్లో అయితే మెహదీపట్నం నుంచి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి త్వరగా చేరిపోతారు గనుక తెల్లవారుజాము విమానానికి ఆ వైపు గది వద్దు. విమానాశ్రయానికి మెట్రో లేదన్న విషయం సికింద్రాబాద్‌లో దిగితేనే వంటబడుతుంది.

కౌంటర్‌లో ఆధార్ అడుగుతారు. చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చని కొందరంటారు. మీరు పూర్తి నంబరున్న జిరాక్సు నాలుగు కాపీలిచ్చి, ఒరిజినల్ కూడా అక్కడే వదిలేయండి, బరువు తగ్గుతుంది. మీ ఆధార్‌లో చిరునామా హైదరాబాదే అయితే "లోకల్ ఐడీకి గది ఇవ్వం" అనే హోటళ్ళున్నాయి. ఒంటరిగా వచ్చిన ఆడపిల్లని పైనుంచి కిందికి చూసి గదులు ఖాళీ లేవనేవీ ఉన్నాయి. డబ్బు కట్టేముందు ఫోన్‌లో అడిగితే ఇవన్నీ అప్పుడే బయటపడతాయి. రాత్రి పదకొండింటికి రిసెప్షన్‌లో బయటపడితే సాక్షులు కూడా ఉంటారు.

గది ఖాళీ చేశాక రివ్యూ రాయమని మెసేజ్ వస్తుంది. పాడైన కుళాయి సంగతి, కర్టెన్ వెనక గోడ సంగతి, మూడంతస్తుల మెట్ల సంగతి రాస్తే వెనక వచ్చేవాడు జాగ్రత్తపడి వేరేచోట దిగుతాడు, హోటల్‌వాడు కుళాయి బాగుచేయించి అద్దె పెంచేస్తాడు. అందుకని అయిదు చుక్కలూ పెట్టి, "లొకేషన్ సూపర్, కిందనే ఇరానీ చాయ్ దొరుకుతుంది" అని రాయండి. ఫొటో పెట్టమంటే ఆ చాయ్‌ది పెట్టండి. గదిలో ఫొటోకి వెలుతురు చాలదు.